సైకిలు తొక్కాలంటే ఆమ్‌స్టర్‌డామ్ కాదు, ఉట్రెక్ట్

నెదర్లాండ్స్ వెళ్ళే మనవాళ్ళలో చాలామంది ఆమ్‌స్టర్‌డామ్‌లో సైకిలు అద్దెకు తీసుకుని, ట్రాము పట్టాలకీ సెల్ఫీలు దిగే టూరిస్టులకీ మధ్య బిక్కుబిక్కుమంటూ ఓ గంట తొక్కి, 'అమ్మో, మనవల్ల కాదు' అని తిరిగిచ్చేస్తారు. సైకిలు మీద నడిచే ఊరెలా ఉంటుందో చూడాలంటే బస ఉట్రెక్ట్‌లో పెట్టుకోండి. ఆమ్‌స్టర్‌డామ్ రైల్లో అరగంట దూరమే. పైగా ఆమ్‌స్టర్‌డామ్‌లో 2024 నుంచి గది అద్దె మీద 12.5 శాతం టూరిస్టు పన్ను.

మేం దిగింది కాలువ పక్కన పాత ఇంట్లో నడుపుతున్న చిన్న గెస్ట్‌హౌస్. గది శుభ్రంగా ఉంది, ఓనరమ్మ కలుపుగోలు మనిషి. మెట్లు మాత్రం నిచ్చెనలే, లిఫ్టు లేదు. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళతో వెళితే స్టేషన్ దగ్గర మామూలు హోటల్ నయం. టిఫినంటే బ్రెడ్డు, చీజు, మళ్ళీ బ్రెడ్డు. ఆవకాయ సీసా మావారి సూట్‌కేసులో ఉండబట్టి గడిచింది.

రైల్వే వాళ్ళ నీలం-పసుపు సైకిళ్ళు, ఓవీ-ఫీట్స్ అంటారు, ప్రతి పెద్ద స్టేషన్‌లోనూ చవగ్గా దొరుకుతాయి. కానీ అవి అక్కడి సొంత రవాణా కార్డున్నవాళ్ళకి. మనకి దుకాణాలే గతి, అద్దె ఎక్కువ, డిపాజిట్ అదనం. మొదటి దుకాణంలో ఇచ్చిన బండికి లైటు వెలగలేదు. రాత్రి లైటు లేకపోతే జరిమానా కదా అంటే 'బ్యాటరీ మీరే కొనుక్కోండి' అన్నాడు. మర్నాడే దుకాణం మార్చేశాం.

రెండో చోట ఇచ్చింది అసలైన డచ్ సైకిలు. నడుం నిటారుగా పెట్టి కూర్చోవచ్చు. పెడల్ వెనక్కి తొక్కితే బ్రేకు పడుతుంది, అలవాటయ్యేదాకా కాస్త టెన్షనే. చైను మొత్తం పెట్టెలో దాగి ఉంటుంది, వెనక చక్రానికి రెండు పక్కలా తొడుగు. మన మోటారుసైకిళ్ళకుండే చీర గార్డు పనే అది. నా చున్నీ ఒక్కసారీ చక్రంలో పడలేదు. అక్కడి ఆడవాళ్ళు పొడవాటి కోట్లతో, మగవాళ్ళు ఆఫీసు సూట్లతో అలాగే ఎక్కేస్తారు. హెల్మెట్ పెట్టుకున్నవాళ్ళు అరుదు.

ఉట్రెక్ట్‌లో తప్పకుండా చూడాల్సింది నా లెక్కలో చర్చి గోపురం కాదు, స్టేషన్ కింద సైకిల్ స్టాండు. 2019లో పూర్తయింది, మూడు అంతస్తులు, 12,500 సైకిళ్ళు పడతాయి. దిగక్కర్లేదు, తొక్కుకుంటూనే లోపలికి పోవచ్చు. ఏ వరసలో ఎన్ని ఖాళీలున్నాయో బోర్డులు చూపిస్తాయి. పై అరకు ట్రే లాగితే కిందికి వంగుతుంది, సైకిలు పెట్టి పైకి తోస్తే సరి. అక్కడినుంచి మెట్లెక్కితే ప్లాట్‌ఫారాల దగ్గర తేలతాం. మొదటి 24 గంటలు ఉచితం. పొద్దున ఎనిమిదింటికి ఓ పక్కన నిలబడి చూడండి, కార్లలో రాని జనం ఎంతమందో తెలుస్తుంది.

వీళ్ళు పుట్టుకతోనే సైకిలు జనం అనుకుంటే పొరపాటు. 1971లో ఆ చిన్న దేశంలో రోడ్ల మీద మూడు వేల మందికి పైగా చనిపోయారు, అందులో పిల్లలే నాలుగు వందలకు పైగా. 'పిల్లల హత్యలు ఆపండి' అంటూ జనం రోడ్డెక్కారు. 1973 చమురు సంక్షోభమూ తోడైంది. ఉట్రెక్ట్ నడిబొడ్డున ఒకప్పుడు కాలువని పూడ్చి మోటారు రోడ్డు వేశారు. 2020లో ఆ రోడ్డు తీసేసి మళ్ళీ నీళ్ళు వదిలారు. ఇప్పుడక్కడ బాతులు, పడవలు.

ఇంకా నచ్చింది పక్కనున్న హౌటెన్. చూడటానికి ఏమీ లేదు, హోటళ్ళూ తక్కువే. పొద్దున వెళ్ళి సాయంత్రం వచ్చేయొచ్చు. ఆ ఊళ్ళో కారులో పక్క పేటకి వెళ్ళాలంటే బయటి రింగు రోడ్డెక్కి చుట్టి రావాలి. సైకిలు మీదైతే నేరుగా. అసలు కిటుకంతా ఇక్కడుంది. ఎర్ర తారు దారి వేయడం ఒక్కటే కాదు, కారుకి దూరం పెంచారు. స్కూళ్ళు, దుకాణాలు, స్టేషన్ అన్నీ సైకిలు దారి వెంటే. సైకిలు ముందున్న పెట్టెలో ఇద్దరు పిల్లలు, వాళ్ళ కాళ్ళ దగ్గర క్యాబేజీ సంచి పెట్టుకుని ఒకావిడ ఫోన్‌లో మాట్లాడే భర్తని తిడుతూ పోతోంది. భాష రాకపోయినా తిట్లని తెలిసిపోయింది.

హైదరాబాద్‌లో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో తెరిచిన 23 కిలోమీటర్ల సోలార్ కప్పు ట్రాక్ గుర్తొచ్చింది. నీడ బాగుంటుంది, తొక్కడానికి హాయి. కానీ అక్కడికి కారు వెనక సైకిలు కట్టుకొచ్చేవాళ్ళని చూస్తుంటాం. కూరగాయలకీ బడికీ పనికొచ్చే దారి కాదది.

లోపాలూ చెప్పాలి. ఎదురుగాలి ప్రాణం తీస్తుంది, గేర్లున్న సైకిలే అడగండి. నిదానంగా పోతే వెనకనుంచి గంటలు మోగిస్తారు, కుడి పక్కకి జరగండి. పనిరోజుల్లో ఉదయం, సాయంత్రం రద్దీ వేళల్లో రైల్లో మామూలు సైకిలు ఎక్కించనివ్వరు, మిగతా వేళల్లో దానికి వేరే టికెట్. మడత సైకిలైతే ఉచితం.