జీరో టికెట్ సరే, బస్సు సంగతి? పల్లె వెలుగులో మహాలక్ష్మి వాడకం

తెలంగాణ ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం ఇచ్చే మహాలక్ష్మి పథకానికి నేను వేసే మార్కులు ఐదుకు మూడున్నర. అందులో మూడు టికెట్‌కు, అర బస్సుకు.

మహాలక్ష్మి 2023 డిసెంబరు 9న మొదలైంది. అప్పటి నుంచి ఊరికీ మండల కేంద్రానికీ, అక్కడి నుంచి డిపో ఉన్న టౌనుకూ పల్లె వెలుగులోనే, అంటే ఊళ్లకు నడిచే ఆర్డినరీ బస్సులోనే తిరుగుతున్నదాన్ని కాబట్టి ఆ బస్సు గురించే రాస్తున్నా. హైదరాబాద్ సిటీ బస్సుల లెక్క వేరు. జిల్లాల్లో పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్ రెండింట్లోనూ ఆడవాళ్లకు, ట్రాన్స్‌జెండర్లకు చార్జీ లేదు. డీలక్స్, సూపర్ లగ్జరీ ఎక్కితే మామూలుగానే కట్టాలి. కిలోమీటర్ల పరిమితి లేదు, రోజుకు ఇన్నిసార్లే అన్న షరతూ లేదు. లగేజీ మాత్రం ఉచితం కాదు. కూరగాయల బస్తాకు, దాణా మూటకు కండక్టర్ లగేజీ టికెట్ కొడితే వాదన పెట్టుకోవద్దు, అది రూలే.

ముందు కార్డు సంగతి. తెలంగాణ అడ్రస్ ఉన్న ఒరిజినల్ గుర్తింపు కార్డు చూపాలి. ఆధార్ అయినా, ఓటరు కార్డు అయినా సరే. జిరాక్స్, ఫోన్‌లో ఫొటో చెల్లవని ఆర్టీసీ మొదట్లోనే చెప్పింది. పాన్ కార్డు పనికిరాదు, అందులో అడ్రస్ ఉండదు. అసలు తంటా పాత ఆధార్‌తో వస్తుంది. రాష్ట్రం విడిపోకముందు తీసిన కార్డు మీద జిల్లా మనదే ఉన్నా కింద ఆంధ్రప్రదేశ్ అని ఉంటుంది. ఒక కండక్టర్ జిల్లా పేరు చూసి సరే అంటాడు, ఇంకొకాయన కుదరదంటాడు. రోజూ ఎక్కే బస్సులో మొహం తెలుసు కాబట్టి నడిచిపోతుంది, కొత్త రూటులో ఎక్కిన రోజే ఇరుక్కుంటాం. మీసేవలో గానీ ఆధార్ సెంటర్‌లో గానీ అడ్రస్ మార్పించుకుంటే ఆ గొడవే ఉండదు. చిన్నప్పటి ఫొటోతో ఉన్న ఆడపిల్లల కార్డులు కూడా అప్‌డేట్ చేయించాలి, మనిషి పోలిక దొరక్క టికెట్ ఇవ్వడానికి వెనకాడతారు.

ఇక జీరో టికెట్, అంటే చార్జీ లేకుండా ఇచ్చే టికెట్. కండక్టర్ కార్డు చూసి, "ఏడికమ్మా?" అని అడిగి, ఎక్కిన స్టేజీ, దిగే స్టేజీ మెషీన్‌లో కొట్టి చీటీ చేతిలో పెడతాడు. డబ్బు లేదు కదా అని చాలామంది అది తీసుకోరు, తీసుకున్నా అక్కడే పారేస్తారు. దిగేదాకా దగ్గర పెట్టుకోవాలి. చెకింగ్‌లో చీటీ లేకుండా దొరికితే మనకు రూ.500 జరిమానా, కండక్టర్‌కు ఉద్యోగం మీదికి వస్తుంది. మధ్యలో మనసు మారి ఇంకా ముందుకు పోవాలనుకుంటే దిగాల్సిన చోటు దాటకముందే చెప్పి ఇంకో టికెట్ కొట్టించుకోవాలి. బస్సు మారితే మళ్లీ కొత్త టికెట్.

ఈ చీటీ మీద ఇంత చెప్పడానికి కారణం ఉంది. ప్రభుత్వం ఆర్టీసీకి డబ్బు కట్టేది ఈ జీరో టికెట్ల లెక్క మీదే. 2025 జులై నాటికి ఆ టికెట్లు 200 కోట్లు దాటాయి, వాటి విలువ దాదాపు రూ.6,680 కోట్లు. అంతకన్నా మనకు దగ్గరి సంగతి, డిపోలో ప్రతి ట్రిప్పుకూ ఓఆర్, ఈపీకే అని రెండు అంకెలు చూస్తారు. మొదటిది సీట్లు ఎంత నిండాయన్నది, రెండోది కిలోమీటరుకు ఎంత వచ్చిందన్నది. యాభై సీట్ల బస్సులో నలభై మంది ఎక్కి పాతిక టికెట్లే తెగితే కాగితం మీద ఆ బస్సు సగం ఖాళీ. మీ ఊరి మధ్యాహ్నం ట్రిప్పు ఎందుకు తీసేశారని అడిగినప్పుడు డిపో వాళ్లు చూపించేది ఆ కాగితమే. మనం వదిలేసిన చీటీలు అందులో ఉండవు.

టికెట్ వైపు ఫిర్యాదు దాదాపు లేదు. బస్సు వైపే అంతా. ఉదయం కాలేజీ టైముకు వచ్చే ట్రిప్పు రూటు చివర, బయల్దేరే ఊళ్లలోనే నిండిపోతుంది, దారిలోని స్టేజీల్లో చెయ్యెత్తినా ఆగదు. ఆగినా, అందరికీ జీరో టికెట్లు కొట్టేదాకా కండక్టర్ బస్సును రోడ్డు పక్కన నిలబెట్టిస్తాడు, ఎందుకంటే తర్వాతి స్టేజీ వచ్చేలోపు టికెట్లు పూర్తి కావాలి. డబ్బు కట్టి ఎక్కిన మగవాళ్లు నిలబడి ప్రయాణిస్తూ సణుక్కోవడంలో తప్పు పట్టలేం. సరిపడా బస్సులు లేకపోవడానికి ఆడవాళ్లను అనడం మాత్రం అన్యాయం.

ఎక్స్‌ప్రెస్ కూడా ఉచితమే కాబట్టి పది కిలోమీటర్లకూ దాన్నే ఎక్కుతాం. దగ్గరి దూరాలకు పల్లె వెలుగు ఎక్కమని ఆర్టీసీ చెబుతూనే ఉంది, మాట సబబే. కానీ ఆ పల్లె వెలుగు వస్తుందో రాదో తెలియనప్పుడు ఎదురుగా ఆగిన బస్సును ఎవరు వదులుకుంటారు?

ట్రిప్పు రద్దయ్యే రోజులు ముందే ఊహించవచ్చు. బతుకమ్మ, దసరా, సంక్రాంతి రద్దీకి స్పెషల్స్ నడపాలి. రెండేళ్లకోసారి మేడారం జాతర ఉంటుంది. పెళ్లిళ్ల ముహూర్తాలకు బస్సులు అద్దెకు పోతాయి. బండి చెడిపోతే బదులు బండి ముందు ఎక్కువ రాబడి ఉన్న రూటుకే వెళ్తుంది. ఇలాంటప్పుడు మొదట కోత పడేది చివరి ఊరి పల్లె వెలుగుకే. ఆ రోజుల్లో సాయంత్రం ఆఖరి ట్రిప్పును నమ్ముకుని టౌనులో ఆసుపత్రి పని పెట్టుకోవద్దు. బస్టాండ్‌లో విచారణ కిటికీ దగ్గర బోర్డు చూసి ఊరుకోకుండా, "ఈ రోజు వస్తుందా" అని నోరు తెరిచి అడగండి. బోర్డు మీద ఉన్న టైము ఎప్పటిదో.

అన్నిటికన్నా విలువైనది నైట్ హాల్ట్ బస్సు. రాత్రి ఊళ్లో ఆగి తెల్లవారుజామున బయల్దేరుతుంది కాబట్టి మార్కెట్‌కు పూలు, పాలు తీసుకెళ్లేవాళ్లకూ, టౌనులో కూలికి పోయేవాళ్లకూ అదే ఆధారం. హాల్ట్ పోతే మొదటి బస్సు డిపో నుంచి రావాలి, వచ్చేసరికి పొద్దెక్కుతుంది. హాల్ట్ ఎత్తేయడానికి తరచూ కారణం రాబడి కాదు, పడుకునే చోటు. డ్రైవర్, కండక్టర్‌లకు తలుపు గడియ పడే గది, ఫ్యాను, మరుగుదొడ్డి, నీళ్లు, బస్సు నిలిపేచోట లైటు ఉండాలి. పంచాయతీ చేయగలిగిన పనే ఇది.

షేర్ ఆటోల మాటా చెప్పాలి. ఆడవాళ్లు బస్సెక్కడంతో ఆటోలు తగ్గాయి. ఉదయం సాయంత్రం దాని లోటు తెలియదు. పగలు పదకొండు నుంచి మూడు దాకా బస్సు లేని ఊళ్లలో మాత్రం ఆటో నిండేదాకా గంటసేపు కూర్చోవాలి, లేదా ఎవరి బైకో అడగాలి.

2025 మార్చి 8న మండల మహిళా సమాఖ్యల (మహిళా పొదుపు సంఘాల సమాఖ్యల) పేరిట 150 అద్దె బస్సులు ఆర్టీసీలోకి వచ్చాయి, మొత్తం 600 అన్నారు. ఒక్కో బస్సుకు నెలకు రూ.77,220 అద్దె ప్రకటించారు. ఆలోచన మంచిది. అయితే బండి సమాఖ్యదే అయినా ఏ రూటులో తిప్పాలన్నది ఆర్టీసీ చేతిలోనే ఉంది. ఆ మండలంలోని లోపలి ఊళ్లకు రోజుకు రెండు ట్రిప్పులైనా రాసి పెట్టి ఉంటే ఇంకో అర మార్కు వేసేదాన్ని.

సరిహద్దు జిల్లాల వాళ్లకు ఒక మాట. కోదాడ నుంచి జగ్గయ్యపేట వైపు తెలంగాణ బస్సు ఎక్కితే సరిహద్దు దాకా ఉచితం, అక్కడి నుంచి టికెట్ కొనాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15న మొదలైన ఉచిత బస్సు పథకం స్త్రీశక్తి అక్కడి మహిళలకు, ట్రాన్స్‌జెండర్లకే, అదీ అంతర్రాష్ట్ర బస్సుల్లో లేదు.

కొత్త ట్రిప్పు కావాలంటే ఒంటరిగా ఫోన్ చేస్తే పని జరగదు. గ్రామసభ తీర్మానం, ఏ టైముకు ఎంతమంది విద్యార్థులు, ఎంతమంది కూలీలు వెళ్తారో ఊరివారీ లెక్క రాసి డిపో మేనేజర్‌కు ఇచ్చి, రసీదు తీసుకోవాలి. డిపో మేనేజర్ ఫోన్‌లో ఫిర్యాదులు వినే డయల్ యువర్ డీఎం రోజున ఆ అర్జీ తేదీ చెప్పి అడగాలి. రూటు చూడటానికి వాళ్లు వచ్చేలోపు రోడ్డు మీదికి వంగిన కొమ్మలు కొట్టించి, కిందికి జారిన కరెంటు తీగలు ఎత్తించి, చివరి ఊళ్లో బస్సు తిరిగేంత జాగా చూపించాలి. కల్వర్టు బలహీనంగా ఉంటే అక్కడే ఆగిపోతుంది ఫైలు. ఇంకో కిటుకు, కొత్త బస్సు అడిగే ముందు పక్క ఊరిదాకా వచ్చి తిరిగిపోతున్న బస్సును మన ఊరికి పొడిగించమని గానీ, ఉన్న ట్రిప్పు టైమును అరగంట జరపమని గానీ అడగండి. బండి, డ్రైవర్ అదనంగా అక్కర్లేదు కాబట్టి దానికి ఒప్పుకోవడం తేలిక.