ఏడేళ్ల వాడకం తరువాత నా జూమ్ కెమెరా: కొత్త పిట్టల వేటలో దాని బలం, బలహీనత

2017 శీతకాలంలో హైదరాబాదు శివారులోని అమీన్‌పూర్ చెరువు గట్టున మొదలుపెట్టి, అనంతగిరి కొండలు, కొల్లేరు, నేలపట్టు దాకా నాతో తిరిగినది ఒకటే కెమెరా. లెన్సు మార్చే వీలులేని, 60 రెట్ల జూమ్ గల బ్రిడ్జ్ కెమెరా అది. ఈ తరగతి కెమెరాల గుణదోషాలు చాలావరకు ఒకటే కనుక కంపెనీ పేరు చెప్పడం లేదు.

ఇది అందమైన ఫోటోలు తీసే కెమెరా కాదు, పిట్టను గుర్తుపట్టడానికి ఆధారం సంపాదించి పెట్టే కెమెరా. చెరువు అంచు బురదలో గబగబా తిరిగే చిన్న పిట్టలన్నిటినీ తొలి ఏడాది నేను ఉల్లంకులనే ఒకే పేరుతో రాసుకున్నాను. ఇంటికి వచ్చి ఫోటోను పెద్దది చేసి చూడడం అలవాటయ్యాక, కాళ్లు నల్లగా ఉంటే లిటిల్ స్టింట్ అనీ, పసుపుపచ్చగా ఉంటే టెమింక్స్ స్టింట్ అనీ, కంటి చుట్టూ పసుపు వలయం ఉన్నది లిటిల్ రింగ్డ్ ప్లవర్ అనీ, ఆ వలయం లేక కాళ్లు నల్లనైనది కెంటిష్ ప్లవర్ అనీ తెలిసివచ్చింది. అయితే బురద అంటిన కాళ్లన్నీ నల్లగానే కనిపిస్తాయి. అందుకే పిట్ట నీళ్లలోకి దిగేదాకా ఆగి, పది పదిహేను ఫోటోలు తీస్తాను.

ఎండెక్కాక నీటి మీద వేడిగాలి కదలడం వల్ల పూర్తి జూమ్‌లో తీసిన బొమ్మ మరుగుతున్నట్టు వస్తుంది. మొదట్లో లెన్సు చెడిందనుకుని రిపేరు దుకాణానికి తీసుకువెళ్లి వృథాగా డబ్బు పోగొట్టుకున్నాను.

అనంతగిరి చెట్ల నీడలో దీని అసలు బలహీనత బయటపడుతుంది. ఆకుల మధ్య గెంతే గ్రీనిష్ వార్బ్లర్ అనే చిన్న పిట్టను వదిలి ఫోకస్ ముందున్న పుల్లను పట్టుకుంటుంది. వెలుతురును పట్టే సెన్సర్ చిన్నది కాబట్టి, మసక వెలుతురులో పెంచుకునే ఐఎస్‌ఓ (కాంతి సున్నితత్వం) 800 దాటితే ఈకలు రంగు అలికినట్టు కలిసిపోతాయి. ఆ పిట్టకు గుర్తైన రెక్క మీది సన్నని చార కూడా ఈకలు అరిగిపోయి కనిపించకపోవచ్చు కనుక అక్కడ కూతే నమ్మకమైన గుర్తు. అందుకోసం వీడియో తీసి శబ్దం దాచుకుంటున్నాను. కొనేటప్పుడు ఈ ఉపయోగం నా ఊహలో లేదు.

ఎగిరే పిట్టలకు మాత్రం ఇది పనికిరాదు. దసరానాడు పాలపిట్ట కనిపించడం శుభమంటారు. రెక్కల నీలం విప్పుకుని ఎగిరే పాలపిట్ట ఫోటో ఈ ఏడేళ్లలో నాకు ఒక్కటే దక్కింది.

కొత్తవారు కెమెరాకన్నా ముందు 8×42 (ఎనిమిది రెట్లు పెద్దగా చూపే, 42 మి.మీ. ముందు లెన్సు గల) బైనాక్యులర్ కొనుక్కోవాలని నా అభిప్రాయం. జూమ్ చేసిన కెమెరాలో పిట్టను వెతుక్కునేలోగా అది కొమ్మ మారుతుంది. దాన్ని ముందు కంటితో పట్టుకోవడం నేర్చుకోవాలి.

కెమెరా పాతబడినా ఫోటోలను నేను తీసివేయను. 2018లో టెమింక్స్ స్టింట్ అని, చూసిన పిట్టల వివరాలు నమోదు చేసే ఈబర్డ్ వెబ్‌సైటులో రాసిన పిట్టను నాలుగేళ్ల తరువాత అదే మసక ఫోటోలో మళ్లీ చూసి, లిటిల్ స్టింట్ అని దిద్దుకున్నాను.