రామేశ్వరంలో లాడ్జి ముంచింది, పాంబన్ పాత వంతెన తేల్చింది

నెల్లూరు నుంచి రామేశ్వరం పోయేవాళ్లకు ముందే చెప్తున్నా, స్టేషన్ బయట తెలుగులో పలకరించేవాడి వెంట పోకండి. "నెల్లూరా సార్, మనోళ్లే" అన్నాడు ఒకడు. ఏసీ రూము 1,200 అని మాట్లాడుకుని, సామానంతా మూడో అంతస్తుకు ఎక్కించాక కౌంటర్లో 1,800 అన్నారు. అమావాస్య రేటంట! రిమోట్ కావాలంటే 500 డిపాజిట్, వేడినీళ్లు బకెట్ 40, కొళాయిలో ఉప్పునీళ్లు ఫ్రీ. దుప్పటి మీద అంతకుముందు పడుకున్నవాళ్ల విభూతి అట్నే ఉంది. పిన్ని దాన్ని రెండు వేళ్లతో పట్టుకుని కిందికి తీసుకుపోయి, మేనేజర్ టిఫిన్ ప్లేటు పక్కన పెట్టింది. దుప్పటి మార్చారు గానీ, ఖాళీ చేసేటప్పుడు డిపాజిట్లో 100 "ఉతుకుడు" కింద కోసుకున్నారు. రసీదు అడిగితే ప్రింటర్ పాడైందన్నారు.

22 తీర్థాల స్నానం, దర్శనం సాఫీగా అయిపోయాయి. స్నానం టికెట్ కౌంటర్లో 25 రూపాయలే, మధ్యవర్తులకు వందలు పోయొద్దు.

బాబాయి అసలు వచ్చింది రామేశ్వరం దీవిని ఒడ్డుతో కలిపే పాంబన్ రైలు వంతెన కోసం. ఆయన మా నెల్లూరు దగ్గరి బిట్రగుంటలో రైలింజన్లు బాగుచేసే లోకో షెడ్డులో ఖలాసీగా చేరి ఫిట్టరైన మనిషి. పోనూ రానూ ఆటో 700. రోడ్డు వంతెన మీద బండి ఆపనివ్వరు, పాంబన్ వైపు దిగి నడవండి. ఆ వంతెన మీద నుంచి పాత రైలు వంతెన, కొత్తది పక్కపక్కనే కనిపించాయి.

పాతది 1914లో మొదలైంది, రెండు కిలోమీటర్ల పైచిలుకు. మధ్యలో పడవలకు దారిచ్చే రెండు రెక్కలున్నాయి. స్వింగ్ బ్రిడ్జిలా పక్కకు తిరగవు, వెనక్కి దొర్లుతూ పైకి లేస్తాయి. షెర్జర్ అనే అమెరికా ఇంజనీర్ కనిపెట్టిన పద్ధతి. "వెనక బరువు చూడు, దాంతోనే తూకం సరిపోయేది" అని బాబాయి చెయ్యి చాచి చూపించాడు. అందుకే మోటార్ లేకుండా, మనుషులు కడ్డీలు పట్టుకుని గానుగెద్దుల్లా తిరుగుతూ అంత ఇనుమును లేపగలిగారు. 1964 డిసెంబర్ తుఫానుకు ధనుష్కోటి రైలు కొట్టుకుపోయి, వంతెన గర్డర్లు (ఇనుప దూలాలు) చాలావరకు సముద్రంలో పడ్డా, ఈ రెక్కలు నిలిచాయి. రైల్వే ఇంజనీర్ శ్రీధరన్ ఆధ్వర్యంలో పడిపోయిన గర్డర్లను నీళ్లలోంచి తీసి, 46 రోజుల్లో మళ్లీ రైలు నడిపించారు. ఉప్పుగాలి మాత్రం వదల్లేదు. తుప్పు ముదిరి 2022 డిసెంబర్‌లో రైళ్లు ఆపేశారు. 2025 ఏప్రిల్ 6న కొత్త వంతెన మొదలైంది. దాని 72.5 మీటర్ల మధ్య భాగం మోటార్లతో లిఫ్టులా నిలువునా 17 మీటర్లు లేస్తుంది. మా రైలు దాని మీద నిదానంగానే వచ్చింది. ఆ ఐదు నిమిషాలూ బాబాయి తలుపు దగ్గర నుంచి కదల్లేదు.

పాతదాన్ని విప్పేయాలనే రైల్వే ఆలోచన. రెక్కలనైనా దాచమని అడిగేవాళ్లూ ఉన్నారు. నా ఓటు వాళ్లకే. అయితే అక్కడే ఉంచి రంగులు వేస్తామంటే నమ్మను. ఆ గాలికి ఏడాది పొడుగునా గీకుతూ, పూస్తూ ఉండాల్సిందే. పైగా అది అడ్డం ఉంటే పడవలు రెండు వంతెనలూ దాటాలి. మిగతా గర్డర్లు పోనీ, రెక్కలను ఒడ్డుకు తెచ్చి, గేర్లు తిరిగేలా బాగుచేసి, టికెట్ పెట్టి చూపించాలి. 50 రూపాయలైనా ఇస్తా.

"అట్నే అంటారు. మా షెడ్డు చూళ్లా?" అన్నాడు బాబాయి. ఆవిరి ఇంజన్లు పోయాక బిట్రగుంట షెడ్డు పాడుబడింది. బాగుచేస్తామన్న మాట ఆయన రిటైర్ కాకముందు నుంచీ వింటున్నాడంట. ఆ తర్వాత టీ కూడా తాగలేదు. పిన్ని ఊరుకుంటుందా? "గుళ్లో కాసేపు నిలబడమంటే కాళ్లు నొప్పులు, ఇక్కడ ఎండలో గంట నిలబడ్డాడు" అని ఆటోలో దారంతా సణిగింది.

పాంబన్ దగ్గర చేపల భోజనం 180. చేప తాజాదే గానీ పులుసులో పులుపే లేదు. రూము మాత్రం రామనాథపురంలో తీసుకోండి. అక్కడి నుంచి రామేశ్వరానికి బస్సులు, రైళ్లు దండిగా ఉన్నాయి.