పాత బండికి మరో ఏడాది మోడల్ ముందు చక్రం: దీర్ఘకాల వాడకం తరువాత

నా బండి 2012 నాటి 150 సీసీ మోటారు సైకిలు. చెన్నైలో పాత మహాబలిపురం రోడ్డు మీద వాననీటి కింద కనిపించని గుంతలో పడి దాని ముందు అల్లాయ్ చక్రం అంచున పగులు వచ్చింది. అల్లాయ్ పగులుకు వెల్డింగు పెట్టించి, ఆ చక్రం మీద ముందు బ్రేకు భారమంతా వేసి తిరగడం నాకు సమ్మతం కాలేదు. 2012 నాటి చక్రం కొత్తది దొరకకపోవడంతో, అదే కంపెనీ అదే పేరుతో 2017లో అమ్మిన బండి చక్రాన్ని చెన్నైలోని పాత విడిభాగాల బజారు పుదుపేటలో కొని బిగించుకున్నాను. రెండు ఈశాన్య రుతుపవనాలు దాటిన తరువాత, అది ఎలా పని చేస్తున్నదో రాస్తున్నాను.

పుదుపేటలో దుకాణదారు మొదట చూపినది 2019 నాటి చక్రం. మెరుపు తగ్గనిది, ధర కూడా అంత ఎక్కువేమీ కాదు. అయినా దానిని వద్దన్నాను. 125 సీసీ దాటిన బళ్లకు ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) నిబంధన కొత్త మోడళ్లకు 2018 ఏప్రిల్ నుంచి, అప్పటికే అమ్మకంలో ఉన్న మోడళ్లకు 2019 ఏప్రిల్ నుంచి వచ్చింది. ఆ చక్రానికి ఏబీఎస్ సెన్సారు చదివే పళ్ల రింగు ఉంది కానీ, నా బండి స్పీడోమీటరు కేబులును తిప్పే పెట్టె కూర్చోవడానికి హబ్బులో, అంటే చక్రం నడిమి భాగంలో, గాడి లేదు. దానిని బిగిస్తే బండి నడుస్తుంది, ముల్లు మాత్రం సున్నా దగ్గరే ఉంటుంది. 2017 నాటి దానిలో ఆ గాడి ఉంది.

ఒకే పేరు గల బళ్లకు ఒకే చక్రం పడుతుందన్న నమ్మకం ఎంత పెళుసైనదో చెప్పడానికి పల్సర్ 150 చాలు. 2018లో వచ్చిన రెండు డిస్కుల రకానికి ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కు గొట్టాలు 37 మి.మీ., డిస్కు 260 మి.మీ.; అప్పట్లోనే అమ్మిన ఒక డిస్కు రకానికి అవి 31, 240. పేరును, ఏడాదిని బట్టి కాక వెర్నియరుతో (సన్నని కొలతలు తీసే పరికరంతో) తీసిన కొలతను బట్టి కొనాలి.

నా విషయంలో రిమ్ము, డిస్కు బోల్టుల రంధ్రాలు సరిపోయాయి. చిక్కంతా హబ్బు నడుమ వచ్చింది. నా ఫోర్కులో దూరే ఇరుసు 12 మి.మీ., కొన్న చక్రం బేరింగులు 6202 రకం, అంటే లోపలి వ్యాసం 15, బయటి వ్యాసం 35, మందం 11 మి.మీ. నా పాత హబ్బులోని 6301 బేరింగుకు లోపల 12 ఉన్నా బయట 37 కనుక ఈ హబ్బులో పట్టదు. (ఇరుసు 10 మి.మీ. అయిన బండికి ఈ తిప్పలే ఉండవు. 6300 బేరింగు బయటి వ్యాసం, మందం 6202వే.) లావు ఇరుసు కోసం ఫోర్కు కాళ్ల రంధ్రాలను పెద్దవి చేయిద్దామని ఒక మెకానిక్కు చెప్పాడు. ఇరుసును పట్టి ఉంచే చోట లోహాన్ని తొలిచేయడం కంటే ఆ ప్రయత్నమే మానుకోవడం మేలని నా అభిప్రాయం.

అంబత్తూరు పారిశ్రామికవాడలోని ఒక లేతు దుకాణంలో ఈఎన్8 అనే రకం ఉక్కుతో మూడు ముక్కలు చేయించాను. మొదటిది రెండు బేరింగుల మధ్య ఉండే గొట్టం. లోపలి రంధ్రం 12కు తగ్గింది, పొడవు మాత్రం కొన్న చక్రంలో ఉన్న గొట్టం పొడవే. ఆ పొడవు తగ్గితే ఇరుసు నట్టు బిగించినకొద్దీ బేరింగుల లోపలి రింగులు ఒకదాని వైపు ఒకటి జరిగి గోళీలపై పక్క ఒత్తిడి పడుతుంది; చక్రం బిగుసుకుంటుంది, కొన్నాళ్లకు బేరింగు అరుస్తుంది. మిగిలిన రెండూ పక్క బుషులు, అంటే ఇరుసు మీద బేరింగులకు బయటి వైపున వచ్చే ముక్కలు: ఒక్కొక్కదానికి 15 మి.మీ. ముక్కు బేరింగులోకి దూరుతుంది, దాని నడుమ 12 రంధ్రం. ముక్కు పొడవును 11 కాక పదిన్నర దగ్గర ఆపమన్నాను. అది మధ్య గొట్టానికి ముందే తగిలితే బుషు భుజం బేరింగు రింగును నొక్కదు, నట్టు ఎంత బిగించినా ఆట మిగిలిపోతుంది. లేతు పనివాడు ఇది విని మరోసారి కొలిచి కానీ పని మొదలుపెట్టలేదు. ఈ బిగింపంతటిలో నాకు నచ్చిన మనిషి ఆయనే.

తరువాత చక్రాన్ని మధ్యకు తేవడం. డిస్కు దానిని నొక్కి పట్టే కాలిపర్ నడుమ నిలవాలి, రిమ్ము రెండు ఫోర్కు కాళ్లకు సమదూరంలో ఉండాలి, వెనక చక్రంతో ఒకే గీతలో నడవాలి. వెనక టైరు నుంచి దారం లాగి చూస్తే చివరిది తేలుతుంది. ఎడమ బుషును కాస్త పొట్టి చేసి, కుడి బుషును అంతే మేర పొడుగు చేయడంతో మూడూ కుదిరాయి. డిస్కు కింద వాషర్లు పెట్టే చౌక దారి జోలికి పోలేదు.

వాడకంలో బ్రేకు పట్టు మునుపటిలాగే ఉంది, చేతులు వదులు చేసినా బండి పక్కకు లాగదు. నెల్లూరు దారిలో తడ దాటాక వేగం పెంచినప్పుడు కూడా హ్యాండిలు వణకలేదు. పాత టైరు 2.75-17, ఇప్పటిది 80/100-17. ఇది చుట్టుకొలతలో కొద్దిగా పెద్దది కనుక స్పీడోమీటరు మునుపటి కంటే కాస్త తక్కువ చూపుతోంది. అయితే మునుపు అది ఎక్కువే చూపేది కాబట్టి ఇప్పుడు ఫోనులోని జీపీఎస్‌కు దగ్గరైంది. ట్యూబులేని టైరు కావడం అదనపు సుఖం. మొదటి వానల తరువాత, బేరింగులోకి నీరు పోకుండా ఆపే ఎడమ సీలు దగ్గర తుప్పు కనిపించింది; ఫ్యాక్టరీ బుషులకు ఉండే పూత లేతు ముక్కలకు ఉండదు, పైగా ఇది సముద్రపు గాలి ఊరు. జింకు పూత వేయించి కొత్త సీళ్లు పెట్టించాక మళ్లీ రాలేదు. బేరింగులు ఇప్పటికీ నిశ్శబ్దంగానే తిరుగుతున్నాయి.

ఖర్చు, లేతు కూలీ కలిపినా, కొత్త చక్రం ధరలో సగానికి మించలేదు. ఏబీఎస్ ఉన్న బండివారు మాత్రం ఈ దారి పట్టవద్దు; పళ్ల రింగు లేని చక్రం బిగిస్తే హెచ్చరిక దీపం వెలుగుతూనే ఉంటుంది, ఆపదలో ఏబీఎస్ పని చేయదు. మరొక జాగ్రత్త టైరు మార్పించే రోజుది. పక్క బుషులు రెండూ చూడడానికి ఒకటే కనుక పనివాడు తారుమారు చేస్తే డిస్కు కాలిపర్‌కు రాసుకుంటుంది. అందుకే ఎడమ దానిపై ఒక చుక్క, కుడి దానిపై రెండు చుక్కలు పంచితో కొట్టించాను, మూడు ముక్కల కొలతలు రాసిన కాగితాన్ని బండి పత్రాలతో పాటు ఉంచుతున్నాను.