ట్రాన్స్‌ఫర్‌మార్క్ట్: ఆటగాడి లెక్కలకు తిరుగులేదు, చిన్న క్లబ్ కోచ్ లెక్కలకు ఒక్కటే చాలదు

జర్మన్ ప్రొఫెషనల్ ఫుట్‌బాలర్ ఎవరైనా సరే, ఏ క్లబ్బుల్లో ఆడాడు, రిటైరయ్యాక ఏ చిన్న క్లబ్బుకు కోచ్‌గా చేరాడు అని వెతికితే ముందుగా తగిలేది ట్రాన్స్‌ఫర్‌మార్క్ట్ అనే ఈ సైటే. 2000లో మథియాస్ సైడెల్ మొదలుపెట్టాడు. 2008లో మెజారిటీ వాటా ఆక్సెల్ ష్ప్రింగర్ అనే జర్మన్ మీడియా సంస్థ చేతికి వెళ్లింది. చూడటానికి డబ్బు కట్టక్కర్లేదు, ఖాతా అక్కర్లేదు, ప్రకటనల బెడద మాత్రం తప్పదు. జర్మనీలో మొదటి స్థాయి లీగ్ అయిన బుండెస్‌లీగా రోజుల వరకు నిశ్చింతగా వాడొచ్చు. ఐదో స్థాయి కిందికి దిగాక ప్రతి గడినీ ఒకటికి రెండుసార్లు సరిచూసుకోవాలి.

పరీక్షకు థామస్ హెస్లర్ మంచి ఉదాహరణ. 1990 ప్రపంచకప్, 1996 యూరో కప్ గెలిచిన జట్లలో ఉన్నాడు, జర్మనీకి 101 మ్యాచ్‌లు ఆడాడు. కొలోన్, యువెంటస్, రోమా, కార్ల్‌స్రూహే, డోర్ట్‌మండ్, మ్యూనిక్ 1860, చివరికి సాల్జ్‌బర్గ్. 2016లో బెర్లిన్‌లోని క్లబ్ ఇటాలియా అనే అమెచ్యూర్ జట్టుకు కోచ్ అయ్యాడు, ఆ తర్వాత బీఎఫ్‌సీ ప్రోయ్‌సెన్‌కు. ఆడిన కాలానికి సైటు పనితనం చూసి తీరాలి. బుండెస్‌లీగాలో అతని 400 మ్యాచ్‌లను సీజన్ వారీగా, పోటీ వారీగా విడగొట్టుకోవచ్చు. డోర్ట్‌మండ్‌లో 18 లీగ్ మ్యాచ్‌లు అన్న అంకె కంటే, పక్కన ఎన్ని నిమిషాలు ఆడాడన్న గడి ఆ ఏడాది సంగతి బాగా చెబుతుంది. ఇక్కడ చాలామంది తికమకపడేది సీజన్ దగ్గర. పేజీ వెబ్ చిరునామాలో 1998 అని ఉంటే అది 1998–99 సీజన్, క్యాలెండర్ సంవత్సరం కాదు.

మార్కెట్ విలువ గ్రాఫును పాత ఆటగాళ్ల విషయంలో వదిలేయండి. ఆ అంచనాలు 2000ల మధ్య నుంచే ఉన్నాయి. 2004లో ఆట ముగించినవాడికి అక్కడ దొరికేది దాదాపు సున్నా. పైగా అవి సభ్యుల చర్చల్లోంచి తేలిన అంచనాలే తప్ప ఎవరో కట్టిన డబ్బు కాదు. బదిలీ మొత్తాలు వేరే పట్టికలో ఉంటాయి. 1990ల నాటి జర్మన్ బేరాలు జరిగింది అప్పటి జర్మన్ కరెన్సీ మార్కుల్లో కాబట్టి, పాత పత్రికల్లోని అంకెతో పోల్చేటప్పుడు యూరోకు 1.95583 మార్కుల లెక్కన మార్చుకోవాలి. రెండు అంకెలు పొసగలేదంటే తప్పు ఎక్కువగా ఇక్కడే దొర్లుతుంది.

ఆటగాడికి ఒక పేజీ, అదే మనిషి కోచ్ అయ్యాక మరో పేజీ, రెంటికీ వేర్వేరు నంబర్లు. ఆటగాడి పేజీలోనే ఆగిపోయి కోచింగ్ వివరాలు లేవనుకునేవాళ్లు ఎక్కువ. పైన ఉన్న లింకు నొక్కి కోచ్ పేజీకి వెళ్లాలి. అక్కడ లైసెన్సు, ఇష్టమైన ఫార్మేషన్, సగటు పదవీకాలం, మ్యాచ్‌కు ఎన్ని పాయింట్లన్న సగటు కనిపిస్తాయి. ఈ ఆఖరి అంకె చూసి మోసపోయేవాళ్లకు కొదవ లేదు. డేటాబేస్‌లో ఎక్కిన మ్యాచ్‌లకే లెక్క కడుతుంది కాబట్టి, రెండంటే రెండే మ్యాచ్‌లు ఎక్కి రెండూ గెలిస్తే, గెలుపుకు మూడు పాయింట్ల చొప్పున సగటు 3.00 చూపిస్తుంది. పక్కన మ్యాచ్‌ల సంఖ్య చూడకుండా దాన్ని ఎక్కడా వాడొద్దు. పదవీకాలం సరిగ్గా 1 జూలై నుంచి 30 జూన్ వరకు అని ఉంటే అది సీజన్ హద్దు అయ్యుండొచ్చు, అసలు చేరిన తేదీ కాకపోవచ్చు.

అసలు చిక్కు లీగ్ పేర్లతో. పేరు అదే ఉంటుంది, స్థాయి మాత్రం మారుతూ వచ్చింది. రీజియోనల్‌లీగా 1963 నుంచి 1974 దాకా రెండో స్థాయి, 1994 నుంచి 2008 దాకా మూడోది, ఆ తర్వాత నాలుగోది. ఓబర్‌లీగా 1974–1994 మధ్య మూడో స్థాయి, 2008 వరకు నాలుగోది, ఇప్పుడు ఐదోది. తూర్పు జర్మనీలోనైతే 1991 వరకు ఓబర్‌లీగాయే అన్నింటికంటే పైది! 1988లో అక్కడ ఆడినవాణ్ని అమెచ్యూర్ అని రాసేస్తే నవ్వులపాలే. కింది మెట్లలో ప్రాంతాన్ని బట్టి కూడా తేడా ఉంది. బవేరియాలో లాండెస్‌లీగా ఆరో స్థాయి, బెర్లిన్‌లో ఏడోది. క్రైస్‌లీగా బవేరియాలో ఎనిమిదోది, వెస్ట్‌ఫాలియాలో ‘క్రైస్‌లీగా A’ తొమ్మిదోది. ఇంకొకటి: 2005కి ముందు ప్రొఫెషనల్ క్లబ్బుల రెండో జట్టును అమటోయరె (అమెచ్యూర్లు) అనేవారు, ఇప్పుడు క్లబ్ పేరు పక్కన రోమన్ అంకె రెండు (II) పెడుతున్నారు. ఆ మాట కనిపించగానే చిన్న ఊరి క్లబ్ అనుకోకూడదు.

కోవిడ్ సీజన్లు వేరే తలనొప్పి. మిగతా చోట్ల 2019–20 మధ్యలోనే ఆపేస్తే, బవేరియా అమెచ్యూర్ లీగ్‌లు అదే సీజన్‌ను 2021 దాకా లాగాయి. ఆ కాలపు కోచ్ రికార్డు రెండేళ్లకు ఒకటే సీజన్‌గా కనిపిస్తే అది సైటు పొరపాటు కాదు.

సభ్యులే దిద్దుబాట్లు పంపే సైటు కాబట్టి పెద్ద లీగ్‌ల తప్పులు త్వరగా సర్దుకుంటాయి. చిన్న క్లబ్బులను పట్టించుకునే నాథుడు లేక తప్పు ఏళ్ల తరబడి అలాగే ఉండిపోతుంది. అందుకే కోచింగ్ భాగానికి రెండో ఆధారం తప్పనిసరి. బుండెస్‌లీగా మ్యాచ్ నివేదికలకు కికర్ అనే క్రీడా పత్రిక ఆర్కైవ్ ఉంది, 1 అత్యుత్తమం, 6 అధ్వానం అంటూ ఆటగాళ్లకు వాళ్లిచ్చే మార్కులతో సహా. స్థానిక అమెచ్యూర్ వార్తలకు ఫుపా అనే సైటు బాగుంటుంది. ఫలితాలు, పట్టికలకు మాత్రం జర్మన్ ఫుట్‌బాల్ సమాఖ్య నడిపే ఫుస్‌బాల్ డాట్ డీఈనే అధికారిక వేదిక. అందులో పేరు చూపడానికి ఒప్పుకోని ఆటగాళ్ల స్థానంలో వివరం లేదనే గుర్తు ఉంటుంది, కనుక జట్టు జాబితాలో ఖాళీలు చూసి కంగారుపడక్కర్లేదు. స్కోర్లను కాపీ చేసి ఎక్సెల్‌లో అతికిస్తే అర్థంకాని గుర్తులు వస్తాయి. డేటా ఎత్తుకుపోకుండా వాళ్లు అంకెలకు ప్రత్యేక ఫాంట్ వాడతారు మరి. స్క్రీన్ మీద చూసి చేత్తో ఎక్కించుకోవడమే దారి.