పెళ్ళి సీడీలు, పెన్‌డ్రైవ్ సినిమాలు: డీవీడీ ప్లేయరా, టీవీ యూఎస్‌బీనా, ఆండ్రాయిడ్ బాక్సా?

చాలా ఇళ్ళల్లో బీరువా పైఅరలో పెళ్ళి వీసీడీలు, గృహప్రవేశం డీవీడీలు, ఎంపీ3 పాటల సీడీలు ఇంకా ఉన్నాయి. వాటి పక్కనే ఎంకేవీ సినిమాలతో నిండిన పెన్‌డ్రైవ్ కూడా ఉంటుంది. ఈ రెంటినీ ఇబ్బంది లేకుండా ఆడించే పెట్టె ఒక్కటే కావాలని అందరూ అడుగుతారు. మామూలు ధరలో అలాంటిది దొరకడం కష్టం. కాబట్టి మీ దగ్గర ఏవి ఎక్కువున్నాయో చూసుకుని ఎంచుకోవాలి.

ఫైలు పేరు చివరనుండే ఎంపీ4, ఎంకేవీ, ఏవీఐ అనేవి సంచుల పేర్లు. సంచిలో బియ్యం పోశారా, కందిపప్పు పోశారా అన్నది కోడెక్‌ను బట్టి, అంటే లోపలి వీడియోను, ఆడియోను కుదించిన పద్ధతిని బట్టి తెలుస్తుంది. నిన్న ఒక ఎంకేవీ ఆడి ఇవాళ ఇంకో ఎంకేవీ మొరాయించడానికి కారణం ఇదే. కంప్యూటర్లో వీఎల్‌సీ అనే వీడియో ప్లేయర్ ప్రోగ్రాంతో ఫైలు తెరిచి కంట్రోల్, జె మీటలు కలిపి నొక్కితే వీడియో, ఆడియో కోడెక్‌లు రెండూ కనబడతాయి. ఏది కొనాలన్నా ముందు మీ ఫైళ్ళు ఒక నాలుగైదింటిని ఇలా చూసుకోండి.

డిస్కుల వరకైతే డీవీడీ ప్లేయర్‌ను మించింది లేదు. వీసీడీ, డీవీడీ, ఎంపీ3 సీడీ మూడింటినీ పెట్టగానే ఆడిస్తుంది. డీవీడీలు బాగా ఆడుతూ సీడీలకు మాత్రం 'నో డిస్క్' అని వస్తుంటే డిస్కును తప్పుపట్టకండి. సీడీని చదివేది 780 నానోమీటర్ల లేజరు, డీవీడీని చదివేది 650 నానోమీటర్లది. ఒకే హెడ్‌లో ఉన్న ఆ రెంటిలో ఒకటి ముందుగా నీరసించిపోవచ్చు. కంప్యూటర్లో రాసిన డీవీడీ, ప్లేయర్లో ఆడకపోతే, రాసినవాళ్ళు చివర్లో ఫైనలైజ్ (రాయడం పూర్తయిందని డిస్కును ముగించడం) చేయకుండా వదిలేశారేమో చూడాలి.

కొత్త టీవీల్లో డీవీడీ ప్లేయర్ కేబుల్ ఎరుపు, తెలుపు, పసుపు పిన్నులు పెట్టే సాకెట్లు పోయి, ఇయర్‌ఫోన్ రంధ్రం లాంటిది ఒకటే ఉంటోంది. దానికి టీవీతో ఇచ్చిన కేబులే వాడండి. బయట కొన్న కేబుళ్ళలో లోపలి వరస తేడాగా ఉండొచ్చు. బొమ్మ రాకుండా గుర్రుమని శబ్దం వస్తుంటే పసుపు పిన్నును ఎరుపు చోట, ఎరుపును పసుపు చోట పెట్టి చూడండి.

ఫైళ్ళ దగ్గర మాత్రం డీవీడీ ప్లేయర్ చేతులెత్తేస్తుంది. దాని యూఎస్‌బీ సాధారణంగా డివ్‌ఎక్స్, ఎక్స్‌విడ్ ఏవీఐలు, అవీ 720×576 లోపువి, ఎంపీ3లు, జేపెగ్ ఫొటోలు మాత్రమే ఆడిస్తుంది. ఇప్పటి ఫైళ్ళలో ఎక్కువగా ఉండే హెచ్.264 అనే వీడియో కోడెక్ చాలా ప్లేయర్లకు తెలియదు. పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 అనే ఫార్మాట్‌లో ఉండాలి. ఫ్యాట్32లో 4 జీబీ దాటిన ఫైలు ఎక్కదు.

టీవీ యూఎస్‌బీ ఇందుకు పూర్తిగా ఎదురు. హెచ్.264 వీడియో, ఏఏసీ లేదా డాల్బీ ఆడియో ఉన్న ఫైలైతే ఇంకేమీ కొననక్కర్లేదు. చాలావరకు 4కె టీవీలైతే హెచ్‌ఈవీసీ (హెచ్.265) అనే కొత్త కోడెక్‌ను కూడా ఆడిస్తాయి. బొమ్మ వచ్చి మాట రాకపోతే ఆ ఫైల్లో డీటీఎస్ ఆడియో ఉందేమో చూడండి. శాంసంగ్ 2018 మోడళ్ళ నుంచి టీవీల్లో డీటీఎస్ తీసేసింది. మాట వచ్చి తెర నల్లగా ఉంటే అది 10 బిట్ (రంగుల ఛాయలను ఇంకా సన్నగా రాసే రకం) హెచ్.264 కావచ్చు, దాన్ని ఆడించే టీవీలు బాగా తక్కువ. హార్డ్‌డిస్క్ పెట్టగానే టిక్కు టిక్కుమని ఆగిపోతుంటే కరెంటు చాలడం లేదని అర్థం. హెచ్‌డీడీ అని రాసున్న పోర్టులో పెట్టండి, లేదా అడాప్టర్ ఉన్న హబ్ వాడండి.

యూఎస్‌బీ డీవీడీ డ్రైవు కొని టీవీకి తగిలించి, ఆడలేదని బాధపడేవాళ్ళు ఎందరో. టీవీ ఆ పోర్టులో పెన్‌డ్రైవ్ లాంటి వాటినే గుర్తుపడుతుంది. డిస్కు డ్రైవును గుర్తుపట్టే ప్రోగ్రాం సాధారణంగా అందులో ఉండదు. ఆ డ్రైవు పనికొచ్చేది కంప్యూటర్‌కే.

ఆండ్రాయిడ్ బాక్సులో డిస్కు పెట్టే చోటే లేదు. కానీ వీఎల్‌సీ గానీ 'కోడి' (Kodi) అనే యాప్ గానీ వేసుకుంటే డీటీఎస్, ఎక్స్‌విడ్, పాత ఎంపెగ్ అన్నీ ఆడతాయి. చిప్‌కు తెలియని కోడెక్‌ను ప్రోగ్రామే విప్పుతుంది, అయితే చౌక బాక్సుల్లో 10 బిట్ ఫుల్ హెచ్‌డీ ఫైళ్ళు తడబడతాయి. బాక్సు బదులు టీవీ వెనక తగిలించే స్టిక్ కొనేవాళ్ళు మామూలు యూఎస్‌బీ పోర్టు ఉందో లేదో చూసుకోండి. చాలావాటికి పెన్‌డ్రైవ్ తగిలించేందుకు ఓటీజీ అనే మార్పిడి కేబుల్ విడిగా కావాలి.

ఫైళ్ళే ఎక్కువున్న ఇంటికి నా ఓటు బాక్సుకే. డిస్కులు పదీ ఇరవై మాత్రమే ఉంటే, వాటికోసం కొత్తగా డీవీడీ ప్లేయర్ కొనకండి. ఆ డబ్బుతో యూఎస్‌బీ డ్రైవు కొని అన్నిటినీ ఒకసారి ఫైళ్ళుగా మార్చుకోండి. రాసిన సీడీల్లోని రంగుపొర ఏళ్ళు గడిచేకొద్దీ పాడవుతుంది, ఆ పెళ్ళి మళ్ళీ తీయలేం.

డీవీడీ సంగతి తేలిక. వీడియో_టీఎస్ ఫోల్డర్ మొత్తం హార్డ్‌డిస్క్‌లోకి కాపీ చేసి, వీడియోల రూపం మార్చే హ్యాండ్‌బ్రేక్ అనే ప్రోగ్రాంలో ఆ ఫోల్డరే తెరవండి. అందులోని వీఓబీ ముక్కలు ఒక్కోటీ 1 జీబీ లోపే ఉంటాయి, విడివిడిగా మారిస్తే కలిసే చోట మాట తెగుతుంది. పెళ్ళి వీడియోల్లో ఎక్కువభాగం ఇంటర్‌లేస్డ్‌వి, అంటే బొమ్మ గీతలను ఒకటి విడిచి ఒకటిగా రెండు విడతల్లో రాసినవి. ఆ రెంటినీ కలిపే డీఇంటర్‌లేస్ పెట్టకుండా మారిస్తే తలంబ్రాలు పోసే చేయి అంచుల్లో దువ్వెన పళ్ళలా గీతలొస్తాయి. హెచ్.264, ఏఏసీ, ఎంపీ4గా మార్చుకుంటే టీవీలోనూ బాక్సులోనూ ఆడుతుంది. 720×576ను ఫుల్ హెచ్‌డీకి పెంచకండి, ఫైలు బరువెక్కడం తప్ప బొమ్మ బాగుపడదు.

వీసీడీతోనే అసలు కష్టం. ఎంపెగ్‌ఏవీ ఫోల్డర్లోని డాట్ (.dat) ఫైలే వీడియో. వీసీడీలో వీడియో రాసిన తీరులో, తప్పులు సరిదిద్దే అదనపు సమాచారం మామూలు డేటా సీడీలో కన్నా తక్కువ. అందుకే చిన్న గీతకే విండోస్ కాపీ మధ్యలో ఆగిపోతుంది. ముందు మెత్తటి గుడ్డతో మధ్య నుంచి అంచుకు తిన్నగా తుడవండి, గుండ్రంగా తిప్పొద్దు. అప్పటికీ ఆగితే ఐసోబస్టర్ అనే ప్రోగ్రాంతో తీయండి, అది చెడిన చోటు దాటుకుని ముందుకెళ్తుంది. ఒక డ్రైవు చదవని డిస్కును ఇంకోటి చదవొచ్చు, పక్కింటి పాత కంప్యూటర్లోనూ పెట్టి చూడండి. వచ్చిన డాట్ ఫైలును వీఎల్‌సీ నేరుగా ఆడిస్తుంది. టీవీ జాబితాలో మాత్రం అది కనబడదు. దాన్నీ హ్యాండ్‌బ్రేక్‌లో ఎంపీ4 చేసుకోవాలి.

తెలుగు సబ్‌టైటిళ్ళు కావాలన్నా బాక్సే నయం. డీవీడీ ప్లేయర్లలో సాధారణంగా తెలుగు ఫాంటు ఉండదు, అక్షరాల చోట డబ్బాలు కనబడతాయి. బాక్సులో కూడా పిచ్చి గుర్తులు వస్తుంటే సబ్‌టైటిళ్ళున్న ఎస్‌ఆర్‌టీ ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరవండి. అక్కడ తెలుగు సరిగ్గా కనబడితే 'సేవ్ యాజ్'లో యూటీఎఫ్-8 ఎంచుకుని, సినిమా ఫైలుకున్న పేరే పెట్టి దాని పక్కనే ఉంచండి.