మొదటి స్పోర్ట్స్ బండి: ఆర్15 వీ4, జిక్సర్ ఎస్‌ఎఫ్‌లలో ఏది మేలు?

కౌన్సెలింగ్ అయిపోయి ఇంజనీరింగ్ కాలేజీలు తెరిచే రోజుల్లో ఈ ప్రశ్న ఆగకుండా వస్తూనే ఉంటుంది. "అన్నా, యమహా ఆర్15 తీసుకోనా, సుజుకీ జిక్సర్ ఎస్‌ఎఫ్ తీసుకోనా?" అని పిల్లలు అడుగుతారు. "మావాడికి ఏది క్షేమం?" అని నాన్నలు అడుగుతారు. తర్వాత ఇద్దరూ టాప్ స్పీడు, మైలేజీల దగ్గరే ఆగిపోతారు. కొత్తగా నేర్చుకునేవాళ్ల విషయంలో తేల్చేది ఆ రెండూ కావు. గంటకు 30 కిలోమీటర్ల లోపు బండి మీ మాట ఎంత వింటుందన్నదే అసలు విషయం. సిగ్నల్, యూటర్న్, పార్కింగ్, సందు మలుపు, కొత్తవాళ్లకు కష్టమంతా అక్కడే.

ముందు లెక్కలు చూద్దాం. రెండూ 155 సీసీ, సింగిల్ సిలిండర్. ఆర్15 వీ4కి నాలుగు వాల్వులు, లిక్విడ్ కూలింగ్, ఆరు గేర్లు. పవర్ 18.4 పీఎస్ (హార్స్‌పవర్ లాంటి కొలత), అదీ 10,000 ఆర్‌పీఎమ్ దగ్గర, అంటే ఇంజిన్ నిమిషానికి అన్ని చుట్లు తిరిగినప్పుడు. జిక్సర్‌కి రెండు వాల్వులు, ఎయిర్ కూలింగ్, ఐదు గేర్లు. పవర్ 8,000 దగ్గర 13.6 పీఎస్. ఇక్కడిదాకా చూస్తే పోటీయే లేదనిపిస్తుంది. కానీ టార్క్, అంటే ఇంజిన్ తిప్పే బలం, చూడండి. ఆర్15ది 14.2 న్యూటన్ మీటర్లు, 7,500 దగ్గర. జిక్సర్‌ది 13.8, అదీ 6,000 దగ్గరే. తేడా అర న్యూటన్ మీటర్ కూడా లేదు, పైగా జిక్సర్ ఆ బలాన్ని 1,500 ఆర్‌పీఎమ్ ముందే ఇచ్చేస్తుంది. ఆర్15లో గొప్పగా చెప్పుకునే వీవీఏ, అంటే ఇన్‌టేక్ వాల్వులు ఇంకాస్త ఎత్తుగా తెరుచుకునే ఏర్పాటు, 7,400 దాటాకే అందుకుంటుంది. అమీర్‌పేటలోనో బెంజ్ సర్కిల్ దగ్గరో సాయంత్రం ఆరింటికి ముందు ఆటో, పక్కన బస్సు ఉంటే ఇంజిన్ ఆ ఆర్‌పీఎమ్‌కి వెళ్లేదే ఉండదు.

దీని ఫలితం యూటర్న్‌లో కనిపిస్తుంది. డివైడర్ సందులో హ్యాండిల్ పూర్తిగా తిప్పి ఉన్నప్పుడు బండిని నిలబెట్టేది వెనక చక్రానికి అందే ఆ కాస్త తోపే. క్లచ్ తొందరగా వదిలితే ఇంజిన్ ఆఫ్ అవుతుంది, తోపు పోతుంది, బండి తిరిగే వైపుకే ఒరిగిపోతుంది. కాలు పెట్టినా 140 కేజీలు ఆపడం కష్టం. జిక్సర్ ఐడిల్‌కి, అంటే రేజ్ ఇవ్వనప్పుడు ఇంజిన్ తిరిగే వేగానికి, కాస్త పైన కూడా మెల్లగా లాగుతుంది కాబట్టి క్లచ్ దగ్గర చిన్న తప్పు చేసినా ఓర్చుకుంటుంది. ఆర్15కి కొంచెం రేజ్ ఇచ్చి, క్లచ్ సగంలో పట్టుకుని నడపాలి. ఇది వచ్చే విద్యే, వారం పది రోజులు రోజూ అరగంట చేస్తే చెయ్యి తిరుగుతుంది. ఫస్ట్ గేర్, క్లచ్ సగం, వెనక బ్రేకు మీద కాలి బరువు మాత్రమే, చూపు ముందు చక్రం మీద కాకుండా వెళ్లాల్సిన చోటు మీద. ముందు బ్రేకు మాత్రం ముట్టుకోకూడదు. హ్యాండిల్ తిప్పి ఉండగా ముందు బ్రేకు పట్టారంటే బండి కింద ఉన్నట్టే.

బరువు మాటకొస్తే చాలామంది పొరబడతారు. ఆర్15 142 కేజీలు, జిక్సర్ 148. తేలిక ఆర్15దే. అయినా మెల్లగా వెళ్లేటప్పుడు బరువనిపించేది కూడా అదే, ఎందుకంటే హ్యాండిల్ కిందికి ఉండి ఒంటి బరువు మణికట్ల మీద పడుతుంది. పూర్తిగా తిప్పినప్పుడు చెయ్యి ట్యాంకుకు దగ్గరగా వచ్చి మోచెయ్యి ముడుచుకుంటుంది, యాక్సిలరేటర్ తెలియకుండానే తిరిగే ప్రమాదముంది. జిక్సర్ హ్యాండిల్ కాస్త పైకి ఉంటుంది, వీపు అంతగా వంగదు. సీటు ఎత్తు జిక్సర్‌కి 795 మిల్లీమీటర్లు, ఆర్15కి 815. ఐదడుగుల నాలుగంగుళాల మనిషికి ఈ 20 మిల్లీమీటర్లే మడమ ఆనడానికీ వేళ్లు మాత్రమే ఆనడానికీ తేడా.

ఇక ఆర్15 గెలిచే చోటు కూడా చెప్పాలి, అది చిన్నదేమీ కాదు. దానికి రెండు చక్రాలకూ ఏబీఎస్, అంటే గట్టిగా బ్రేకు వేసినా చక్రం లాక్ అవకుండా చూసే ఏర్పాటు, ఉంది, జిక్సర్ ఎస్‌ఎఫ్‌కి ముందు చక్రానికే. కొత్తవాళ్లకు భయం వేయగానే కాలు వెనక బ్రేకును తొక్కేస్తుంది. తొలకరి వానకు రోడ్డు మీద నూనె తేలినప్పుడు అలా తొక్కితే జిక్సర్ వెనక చక్రం లాక్ అయి తోక పక్కకు జారుతుంది. పైగా ఆర్15కి స్లిప్పర్ క్లచ్ ఉంది. తొందరలో ఒకేసారి రెండు గేర్లు దింపినా వెనక చక్రం ఎగరకుండా అది కాస్తుంది. ట్రాక్షన్ కంట్రోల్, అంటే వెనక చక్రం జారి గిర్రున తిరగకుండా చూసే ఏర్పాటు, కూడా ఉంది. రోజూ హైవే మీద వెళ్లేవాళ్లూ, పాడేరు, మారేడుమిల్లి లాంటి ఘాట్‌లున్న వైపు ఉండేవాళ్లూ దీన్ని గట్టిగా లెక్కలోకి తీసుకోవాలి. జిక్సర్ కొంటే మాత్రం ఖాళీ గ్రౌండ్‌లో 30 స్పీడు నుంచి ఆపడం కనీసం యాభై సార్లు చేయండి. ముందు బ్రేకు లివర్‌ను ఒక్కసారిగా లాగకుండా పిండినట్టు పట్టాలి, వెనక బ్రేకు తోడు మాత్రమే.

టైర్ల గురించి వాదన అనవసరం, రెండింటికీ వెనక 140 సైజు రేడియలే. టాప్ స్పీడు కూడా అంతే, హైదరాబాద్ ఓఆర్‌ఆర్ మీదికి టూవీలర్లను అసలు రానివ్వరు.

నిలబెట్టిన బండి ఒరిగినా ఫుల్ ఫెయిరింగ్ బండికి, అంటే ఒళ్లంతా ప్లాస్టిక్ తొడుగున్న బండికి, ఖర్చు తప్పదు. అద్దం, క్లచ్ లివర్ చివర, ఫుట్‌రెస్ట్, ఫెయిరింగ్ అంచు ముందు దెబ్బ తింటాయి. పైకి గీత మాత్రమే కనిపిస్తుంది కానీ లోపల ప్లాస్టిక్ లాకులు విరిగి, నెల తర్వాత గతుకుల మీద గడగడ మొదలవుతుంది. అందుకే డెలివరీ రోజే ఫ్రేమ్ స్లైడర్లు, అంటే బండి పడితే ముందు తామే నేలకు తగిలి దెబ్బ కాసే గుబ్బలు, వేయించండి. ఆర్15కీ జిక్సర్‌కీ ధరలో 30 వేలకు పైగానే తేడా ఉంటుంది. ఆ డబ్బులో ఐఎస్ఐ మార్కున్న ఫుల్ ఫేస్ హెల్మెట్, గ్లవ్స్, జాకెట్, స్లైడర్లు అన్నీ వచ్చేస్తాయి.

మిగతావాటి సంగతి క్లుప్తంగా. కేటీఎమ్ ఆర్‌సీ 200 బ్రేకులు, సస్పెన్షన్ ఎంతో బాగుంటాయి, కానీ 25 పీఎస్, ముందుకు బాగా వంగే సీటింగ్, మొదటి బండిగా వద్దు. పల్సర్ ఆర్‌ఎస్ 200, కరిజ్మా ఎక్స్‌ఎమ్‌ఆర్ కూర్చోవడానికి హాయిగా ఉంటాయి కానీ రెండూ 160 కేజీలు దాటినవే. జిక్సర్ ఎస్‌ఎఫ్ 250 మంచి బండి, రెండో బండిగా.

గేర్ల బండి అసలు నడపనివాళ్లకు నేను జిక్సర్ ఎస్‌ఎఫ్ వైపే ఉంటాను. ఇంట్లో ఉన్న షైనో స్ప్లెండరో ఏడాది పాటు తిప్పి, క్లచ్ మీద చెయ్యి కుదిరినవాళ్లు ఆర్15కి వెళ్లొచ్చు. వాళ్లకు ఆ రెండు చక్రాల ఏబీఎస్ నిజంగా పనికొస్తుంది. అమ్మనో చెల్లినో వెనక ఎక్కించుకునేది రోజూ ఉంటే ఆర్15 వెనక సీటు ఎత్తూ చిన్నదనమూ ముందే వాళ్లకు చూపించండి. వయసు 18 నిండకపోతే మాత్రం రెండూ వద్దు. మైనర్ నడుపుతూ దొరికితే చట్టం తల్లిదండ్రులకు 25 వేల జరిమానా, మూడేళ్ల దాకా జైలు అంటుంది.

షోరూమ్‌లో చేయాల్సిన పరీక్ష ఒకటుంది. ఒకరిని వెనక నుంచి బండి పట్టుకోమని, కాళ్లు ఫుట్‌రెస్ట్ మీద పెట్టి, మోకాళ్లతో ట్యాంకును బిగించి, రెండు చేతులూ హ్యాండిల్ నుంచి అంగుళం పైకెత్తండి. పది సెకన్లు ముందుకు పడకుండా ఉండగలిగితే ఆ బండి మీ ఒంటికి సరిపోయినట్టు. ఉండలేకపోతే బరువంతా మణికట్ల మీదికి పోతోందన్నమాట, అరగంటలో అరచేతులు తిమ్మిరెక్కుతాయి. టెస్ట్ రైడ్ కూడా మెయిన్ రోడ్డు మీద కాదు, పక్క సందులో అడగండి. ఫస్ట్ గేర్‌లో రెండు వైపులా నాలుగేసి యూటర్న్‌లు తిప్పండి. కుడి వైపు తిప్పేటప్పుడు యాక్సిలరేటర్ చెయ్యి ఎక్కడికి వస్తోందో గమనించండి.